రెజ్యూమేలో రిఫరెన్సులు రాయాలా, విడిగా ఉంచుకోవాలా?

విజయవాడలోనైనా గుంటూరులోనైనా డీటీపీ సెంటర్‌లో కూర్చుని చేయించుకున్న రెజ్యూమేను ఇట్టే గుర్తుపట్టవచ్చు. పైన కెరీర్ ఆబ్జెక్టివ్, మధ్యలో పదో తరగతి నుంచి బీటెక్ వరకు మార్కుల పట్టిక, తర్వాత తండ్రి పేరు, పుట్టిన తేదీ, తెలిసిన భాషలు. చివర డిక్లరేషన్, ఎడమవైపు ఊరు, తేదీ, కుడివైపు సంతకం. ఆ డిక్లరేషన్‌కు కాస్త పైన చాలామంది రిఫరెన్సులు అంటూ, తమ గురించి అడిగితే చెప్పగల ఇద్దరి పేర్లు, హోదాలు, సెల్ నంబర్లు వేయిస్తున్నారు. ఒకరు కాలేజీలో విభాగాధిపతి (హెచ్‌ఓడీ), ఇంకొకరు బంధువుల్లో పేరున్న మనిషి. అంతకుముందు ఎవరో చేయించుకున్న ఫైలునే తెరిచి పేర్లు మార్చి ప్రింటు తీస్తారు కాబట్టి ఈ భాగం ఒకరి నుంచి ఒకరికి అలా నడిచి వచ్చేస్తోంది. అది అక్కడ ఉండాలా వద్దా అని ఆగి ఆలోచించేవాళ్లు తక్కువ.

ఉద్యోగులను ఎంపిక చేసే బల్లకు ఇవతలి వైపు కూర్చునే మనిషిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్రకటనలో అడిగితే తప్ప రెజ్యూమేలో రిఫరెన్సులు రాయకండి. ఆ వివరాలను విడిగా ఒక పేజీలో, ఆయా వ్యక్తుల అనుమతితో, అడిగిన రోజే పంపగలిగేలా సిద్ధం చేసుకోండి. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అవి చిన్నవేమీ కావు. అధ్యాపక ఉద్యోగానికి ఒక పద్ధతి, మిర్చి యార్డులో గుమాస్తా పనికి ఇంకో పద్ధతి, ఆస్ట్రేలియాకు మరో పద్ధతి. మీరు ఏ తలుపు తడుతున్నారో దాన్నిబట్టి నిర్ణయం మారుతుంది.

మన ముందున్న దారులు నాలుగు. రెజ్యూమే చివర పేర్లు, నంబర్లు రాయడం ఒకటి. ‘అడిగితే రిఫరెన్సులు ఇవ్వగలను’ అని ఒక వాక్యం రాసి ఊరుకోవడం రెండోది. రెజ్యూమేలో ఏమీ రాయకుండా వేరే పేజీ దగ్గర పెట్టుకోవడం మూడోది. ముందే రాయించుకున్న ప్రశంసా లేఖలను జతచేయడం నాలుగోది.

రెండోదాన్ని వెంటనే పక్కన పెట్టేయవచ్చు. అడిగితే ఎవరైనా ఇస్తారు, ఇవ్వనని చెప్పేవారు ఉండరు. ఆ వాక్యం వల్ల రెజ్యూమే చదివేవారికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. ఆ చోటులో మీరు చేసిన ఒక ప్రాజెక్టు గురించి ఇంకో ముక్క రాసుకోవచ్చు.

మొదటి దారి గురించి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది నడుస్తున్నది అందులోనే.

పేర్లు, నంబర్లు రెజ్యూమేలోనే రాస్తే

వచ్చిన రెజ్యూమేల నుంచి ఇంటర్వ్యూకు పిలవాల్సిన వారిని ఏరేటప్పుడు రిఫరెన్సులకు ఎవరూ ఫోన్ చేయరు. ఆ దశలో చూసేది ఏ పని వచ్చు, ఎన్నేళ్లు చేశారు, ఎక్కడ ఉంటున్నారు, నోటీస్ పీరియడ్ ఎంత అన్నవే. కాబట్టి ఆ ఇద్దరి పేర్లు ఎంత గొప్పవైనా మీకు ఇంటర్వ్యూ కాల్ తెచ్చిపెట్టవు.

కాల్ తేకపోగా, ఆ నంబర్లు ఎక్కడెక్కడికి వెళుతున్నాయో మీ చేతిలో ఉండదు. ఇవాళ ఒక రెజ్యూమే జాబ్ పోర్టల్‌లో ఉంటుంది, నాలుగైదు కన్సల్టెన్సీల మెయిళ్లలో ఉంటుంది, వాట్సాప్ ఉద్యోగాల గ్రూపుల్లో చేతులు మారుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, ఆఫర్ లెటర్ పంపిస్తాం అని మోసం చేసేవారి దాకా కూడా అది చేరవచ్చు. మీ నంబరు అలా వెళితే అది మీరు తెలిసి ఒప్పుకున్న సంగతి. మీకు చదువు చెప్పిన మేడమ్ నంబరు కూడా దాంతోపాటు వెళ్లడానికి ఆమె ఒప్పుకున్నారా? 2023లో మన పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం చేసింది. సంబంధిత మనిషి సమ్మతికి అందులో పెద్దపీట వేశారు. చట్టం మాట అటుంచినా, ఎదుటి మనిషికి చెప్పకుండా ఆయన నంబరును ఊరంతా పంచడం మర్యాద కాదు. పైగా రేపు ఆయన చెప్పబోయే నాలుగు మంచి మాటల మీదే మనం ఆధారపడుతున్నాం.

మూడో ఇబ్బంది అందరికంటే అభ్యర్థినే ఎక్కువగా దెబ్బతీస్తుంది. రెజ్యూమేలో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. అభ్యర్థి పేరు సాయితో మొదలవుతుంది, ఈసీఈ చదివారు. హెచ్‌ఓడీ గారు ఫోన్ ఎత్తారు. వెనకాల కారిడార్‌లో పిల్లల గోల. “ఎవరండీ? ఏ బ్యాచ్?” అన్నారు. చెప్పాను. “ఆ పేరుతో ఇద్దరు ముగ్గురు ఉండాలండీ,” అని కాసేపు ఆలోచించి, “ఆ, మంచి కుర్రాడే. బాగానే చదివేవాడు. ఏ గొడవలకూ పోయేవాడు కాదు,” అన్నారు. మా ముందు కూర్చుని రెండు రౌండ్లు దాటిన అభ్యర్థి అమ్మాయి.

ఆయన్ను తప్పుపట్టలేం. ఏటా వందలమంది ఆ విభాగం నుంచి బయటకు వెళతారు. ఫోన్ వస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఉన్నంతలో మేలు చేద్దామనే అన్నారు. కానీ ఆ ఫోన్ వల్ల ఆ అమ్మాయికి ఒరిగింది ఏమీ లేదు. తర్వాత ఆమె తన ప్రాజెక్టు గైడ్ నంబరు ఇచ్చింది, ఇచ్చేముందు ఆయనతో మాట్లాడింది. ఆయన చెప్పింది వేరు: సర్క్యూట్ బోర్డు రెండుసార్లు కాలిపోతే మూడోసారి తనే టంకం వేసి నిలబెట్టిందని, బృందంలో మిగతావాళ్లు రిపోర్టు దగ్గర చేతులెత్తేస్తే రాసింది కూడా ఆమేనని. మాకు కావలసింది ఇదే. ఒకే అభ్యర్థి, ఒకే కాలేజీ. తేడా అంతా ఎవరిని ఎంచుకున్నారు, ముందుగా చెప్పారా లేదా అన్నదాంట్లో ఉంది.

పెద్ద కంపెనీల్లో జరిగేది వేరు

గన్నవరం, కేసరపల్లి వైపు ఐటీ కంపెనీలకో, హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకో దరఖాస్తు చేస్తుంటే రెజ్యూమేలోని రిఫరెన్సులకు దాదాపు విలువ లేదు. ఆఫర్ ఇచ్చే ముందో ఇచ్చాకో వాళ్లు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తారు. ఆ పని సాధారణంగా బయటి ఏజెన్సీకి అప్పగిస్తారు. డిగ్రీ నిజమైనదేనా అని యూనివర్సిటీని అడుగుతారు, లేదా డిజిలాకర్‌లో చూస్తారు. పాత కంపెనీ హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడతారు. రిలీవింగ్ లెటర్, పే స్లిప్పులు అడుగుతారు. పీఎఫ్ ఉన్నవారికి యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) సర్వీస్ హిస్టరీలో ఏ కంపెనీలో ఏ తేదీన చేరారు, ఎప్పుడు బయటకొచ్చారు అన్నది ఉంటుంది కాబట్టి రెజ్యూమేలోని తేదీలకూ దానికీ పొంతన కుదరాలి. మేనేజర్ పేరు కావాలంటే వాళ్ల ఫారంలో దానికంటూ ఒక గడి ఉంటుంది. అక్కడ కూడా చాలాసార్లు కంపెనీ మెయిల్ ఐడీయే అడుగుతారు, జీమెయిల్‌ను ఒప్పుకోరు.

అందుకని ఈ తరహా ఉద్యోగాలకు మీ శ్రమంతా కాగితాలు సరిచూసుకోవడం మీద పెట్టండి. కొత్త కంపెనీలో పనిచేస్తున్న సీనియర్ ఎవరైనా మీకు తెలిస్తే ఆయన ద్వారా లోపలి నుంచి రెజ్యూమే వేయించుకోవడం ఇంకా మేలు. ఉద్యోగుల ద్వారా వచ్చిన దరఖాస్తులను చాలా కంపెనీలు విడిగా, ముందుగా చూస్తాయి.

పేరు రాయాల్సిన చోట్లు

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ దుకాణం, విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత హోల్‌సేల్ షాపు, ఆటోనగర్‌లో విడిభాగాల వ్యాపారం, బంగారం కొట్టు, కోల్డ్ స్టోరేజీ: ఇక్కడ లెక్కలు రాసే మనిషి చేతిలో నగదు ఉంటుంది, సరుకు ఉంటుంది, తాళాలు ఉంటాయి. యజమాని రెజ్యూమే తిప్పి చూడకముందే ‘ఎవరు పంపించారు?’ అని అడుగుతారు. అలాంటి చోట తెలిసిన పేరు చెప్పకుండా లోపలికి అడుగు పడదు. మీరు బీకాం చదివి ట్యాలీ నేర్చుకుని ఇలాంటి దుకాణాల్లో పని వెతుకుతుంటే, ఇంతకుముందు మీ చేత లెక్కలు రాయించుకున్న యజమాని పేరో, మీరు పని నేర్చుకున్న ఆడిటర్ గారి పేరో మొదట్లోనే ఉండాలి. ఒక్క పేరు చాలు. అది ఆ బజారులో తెలిసిన పేరైతే ఇంకా మంచిది.

అయితే ఇక్కడ అనుమతి మరీ ముఖ్యం. ఇక్కడ మాట చెప్పినవారు మీకు ఒక విధంగా పూచీ పడుతున్నట్టే. రేపు లెక్కల్లో తేడా వస్తే యజమాని ముందు ఫోన్ చేసేది మీకు కాదు, ఆయనకు. ఆ బరువు ఎవరి మీద పెడుతున్నామో తెలిసి పెట్టాలి.

రెండో మినహాయింపు బోధన, పరిశోధన. వడ్డేశ్వరం, వడ్లమూడి, అమరావతి చుట్టుపక్కల యూనివర్సిటీలకు అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా దరఖాస్తు చేసేవారు సమర్పించే సీవీ నాలుగైదు పేజీలు ఉన్నా ఎవరూ తప్పుపట్టరు. పీహెచ్‌డీ గైడ్‌తో కలిపి ఇద్దరు ముగ్గురు రెఫరీల, అంటే రిఫరెన్స్ ఇచ్చేవారి పేర్లు చివర ఉండటం ఈ రంగంలో ఆనవాయితీ. ఐఐటీల అధ్యాపక దరఖాస్తుల్లో రెఫరీల వివరాలు ఎలాగూ అడుగుతారు. ఇక్కడ సెల్ నంబరు కంటే సంస్థ మెయిల్ ఐడీ ముఖ్యం, లేఖ కోరుతూ కమిటీ నేరుగా రెఫరీకే మెయిల్ పంపుతుంది. మీ గైడ్ పనిచేసే చోటి నుంచే ముగ్గురినీ ఇవ్వకుండా, మీ పేపరుతో పరిచయం ఉన్న బయటి ప్రొఫెసర్ ఒకరు ఉండేలా చూసుకోండి.

విదేశాల సంగతి దేశాన్నిబట్టి మారుతుంది. ఆస్ట్రేలియాలో ఇద్దరు రెఫరీల పేర్లు రెజ్యూమే చివర ఇవ్వడం ఇప్పటికీ మామూలే. అమెరికాలో ఇవ్వరు, అడిగినప్పుడు వేరే పేజీ పంపుతారు. అక్కడ చాలా కంపెనీలు పాత ఉద్యోగి గురించి అడిగితే హోదా, చేరిన తేదీ, మానేసిన తేదీ తప్ప ఇంకేమీ చెప్పవద్దని తమ హెచ్‌ఆర్‌కు నియమం పెట్టుకున్నాయి. బ్రిటన్‌లో ఎక్కువగా ఆఫర్ ఇచ్చి, రిఫరెన్సులు సంతృప్తికరంగా వస్తేనే అది ఖాయమని షరతు పెడతారు. ముఖ్యంగా నర్సింగ్ చదివి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో చేరాలనుకునే మన పిల్లలు ఒకటి గుర్తుంచుకోవాలి: కనీసం గత మూడేళ్ల పనికీ శిక్షణకూ అక్కడ రిఫరెన్సులు చూస్తారు. గుంటూరులో ఒక ఆసుపత్రిలో ఏడాది, మంగళగిరి వైపు ఇంకో ఆసుపత్రిలో రెండేళ్లు చేసి ఉంటే రెండు చోట్లా నర్సింగ్ సూపరింటెండెంట్‌తో సంబంధం తెగిపోకుండా చూసుకోవాలి. ఏ ఆసుపత్రి మానేసినా ఆ రోజే అనుభవ ధ్రువపత్రం, సూపరింటెండెంట్ అధికారిక మెయిల్ ఐడీ తీసుకుని బయటకు రండి. రెండేళ్ల తర్వాత ఆ కుర్చీలో వేరే మనిషి ఉంటారు. జర్మనీ దారి పూర్తిగా వేరు. ఉద్యోగం మానేసేటప్పుడు యజమాని నుంచి రాతపూర్వక ధ్రువపత్రం కోరే హక్కు అక్కడి చట్టమే ఇచ్చింది. పనితీరుతో సహా రాసి ఇచ్చే ఆ పత్రాలను దరఖాస్తుతో జత చేస్తారు.

ప్రభుత్వ ఉద్యోగాలకు రెజ్యూమేతో పనే లేదు. పరీక్ష, మెరిట్, అంతే. ఎంపికయ్యాక కేంద్ర ఉద్యోగాల్లో నింపే అటెస్టేషన్ ఫారంలో మాత్రం మీ గురించి తెలిసిన ఇద్దరు బాధ్యత గల వ్యక్తుల పేర్లు అడుగుతారు. దానికి ఉన్న ఊళ్లో, విచారణకు వచ్చినప్పుడు ఇంట్లో దొరికే మనుషులను రాయండి.

ఎవరిని ఎంచుకోవాలి

హోదా చూసి ఎంచుకోవడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. ఎమ్మెల్యే గారి పేరు, కార్పొరేటర్ పేరు, మేనమామ అయిన బ్యాంకు మేనేజర్ పేరు రాసిన రెజ్యూమేలు చూస్తూనే ఉంటాను. రాసినవారికి అది బలంగా అనిపిస్తుంది. చదివేవారికి మాత్రం ఇబ్బందిగా ఉంటుంది, ఒత్తిడి తెస్తారేమోనన్న అనుమానం కూడా వస్తుంది. ఫోన్ చేసి మేం అడిగేవి చాలా మామూలు ప్రశ్నలు. మీ దగ్గర ఏం పని చేశారు? సమయానికి వచ్చేవారా? తప్పు జరిగితే ఒప్పుకుని దిద్దుకునేవారా? మళ్లీ అవకాశం వస్తే తీసుకుంటారా? వీటికి జవాబు చెప్పగలిగేది మీ పనిని కళ్లతో చూసిన మనిషే. ఫ్రెషర్లకైతే హెచ్‌ఓడీ కంటే ప్రాజెక్టు గైడ్, ఆయన కంటే ఇంటర్న్‌షిప్‌లో పని చెప్పిన టీమ్ లీడ్ మేలు. ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్ కూడా మంచి ఎంపికే, మీరు నిజంగా శిబిరాల్లో పనిచేసి ఉంటే.

ఉద్యోగంలో ఉంటూ మారాలనుకునేవారు ఇప్పటి మేనేజర్ పేరు ఎట్టి పరిస్థితిలోనూ రెజ్యూమేలో రాయకూడదు. విజయవాడ పెద్ద ఊరే, కానీ ఒక్కో రంగం చాలా చిన్నది. ఫార్మా డిస్ట్రిబ్యూషన్ అయినా, ప్రింటింగ్ అయినా, కార్పొరేట్ కాలేజీలైనా అందరికీ అందరూ తెలుసు. మీరు వెతుకుతున్నారన్న మాట సాయంత్రానికల్లా మీ ఆఫీసుకు చేరుతుంది. అక్కడినుంచి ఇంక్రిమెంట్ ఆగవచ్చు, పని వాతావరణమే మారిపోవచ్చు. పాత కంపెనీ మేనేజర్‌ను ఇవ్వండి. ఇదే మొదటి ఉద్యోగమైతే, మీతో పనిచేసి ఇప్పటికే మానేసిన సీనియర్‌ను ఇవ్వండి. ఇప్పటి మేనేజరే కావాలని పట్టుబడితే, ఆఫర్ చేతికొచ్చి రాజీనామా ఇచ్చాక మాట్లాడించగలనని మర్యాదగా చెప్పండి. సరైన సంస్థ ఏదైనా దీన్ని అర్థం చేసుకుంటుంది.

మాట పట్టింపులతో మానేసిన చోటు ఒకటి చాలామందికి ఉంటుంది. ఆ మేనేజర్ పేరు దాచినంత మాత్రాన ఆ కంపెనీ పేరు దాగదు. అదే చోట మీతో సఖ్యంగా ఉన్న మరొకరిని ఎంచుకోండి. అడిగితే, ఫలానా విషయంలో అభిప్రాయభేదం వచ్చి బయటకొచ్చానని ఒక్క వాక్యంలో నిజం చెప్పండి.

ఇక ముందే రాయించుకున్న లేఖలు. ఎవరినుద్దేశించి రాశారో తెలియని ప్రశంసా పత్రాలకు ఇక్కడి కంపెనీల్లో పెద్దగా బరువు లేదు, అన్నీ ఒకే మూసలో ఉంటాయి కనుక. అయినా రెండు సందర్భాల్లో తప్పక తీసుకోండి. మీ కంపెనీ మూతపడుతున్నప్పుడు, మీ పై అధికారి రిటైర్ అవుతున్నప్పుడు. తర్వాత అడుగుదామంటే అడగడానికి ఎవరూ మిగలరు. లింక్డ్‌ఇన్‌లో రాసే రెండు వాక్యాల సిఫారసు కూడా పనికొస్తుంది. మీరు చేసిన పని పేరెత్తి రాయమని అడగండి.

ఎలా అడగాలి, పేజీ ఎలా ఉండాలి

అడిగే పద్ధతిలోనే సగం పని ఉంది. ‘సార్, మీ పేరు రిఫరెన్స్‌గా ఇచ్చాను’ అని ఇచ్చాక చెప్పడం అడగడం కాదు. ఇలా ఒక మెసేజ్ పంపవచ్చు:

“నమస్కారం సార్. నేను 2021-25 బ్యాచ్ విద్యార్థినిని, చివరి సంవత్సరం ప్రాజెక్టు మీ దగ్గరే చేశాను. గన్నవరంలో ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగానికి రెండు రౌండ్లు పూర్తయ్యాయి. నా పని గురించి తెలిసిన ఒకరి వివరాలు అడిగారు. మీకు అభ్యంతరం లేకపోతే మీ పేరు, మెయిల్ ఐడీ ఇవ్వాలనుకుంటున్నాను. వీలుకాకపోయినా ఫర్వాలేదు సార్, వేరేవారిని అడుగుతాను.”

చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. మన దగ్గర పెద్దలు మొహమాటానికి కాదనలేరు, ‘చూద్దాంలే అమ్మా’ అంటారు. ఆ మాట వినిపిస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్లడమే మంచిది. సరే అన్నవారికి మీ రెజ్యూమే, ఉద్యోగ ప్రకటన, వారి దగ్గర మీరు చేసిన పని గురించి రెండు మూడు గుర్తులు పంపండి. ఏ కంపెనీ నుంచి, సుమారుగా ఎప్పుడు ఫోన్ రావచ్చో చెప్పండి. తెలియని నంబర్ల నుంచి వచ్చే కాల్స్ చాలామంది ఎత్తరు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఫోన్ కావాలా, మెయిల్ చాలా అన్నది వారి ఇష్టానికే వదలండి. మహిళా అధ్యాపకులు, మహిళా మేనేజర్లలో చాలామంది సొంత నంబరు ఇవ్వడానికి ఇష్టపడరు, అందులో వింతేమీ లేదు.

పేజీలో ఒక్కొక్కరికి ఇవి ఉంటే చాలు: పేరు, ఇప్పటి హోదా, సంస్థ, మీకు ఎలా తెలుసు, ఏ కాలంలో, అధికారిక మెయిల్, ఒప్పుకుంటే ఫోన్, మాట్లాడటానికి వీలైన వేళ. ‘ఎలా తెలుసు’ అన్నది చాలామంది వదిలేస్తారు, మాకు ముందుగా కావలసింది అదే. రెజ్యూమే మీద ఉన్న మీ పేరు, నంబరే ఈ పేజీ పైన కూడా ఉండాలి. రెండూ విడిపోయినా ఎవరిదో తెలుస్తుంది. ఉద్యోగాల వేట మొదలుపెట్టిన ప్రతిసారీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి హోదా, నంబరు మారాయేమో చూసుకోండి. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ సంగతి వారికి చెప్పండి, మీ కోసం తీరిక చేసుకుని మాట్లాడారు.

డిగ్రీ అయ్యాక మూడు నాలుగేళ్లు గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో చదివి, ఇప్పుడు ప్రైవేటు ఉద్యోగం వెతుక్కునేవారు మన రెండు ఊళ్లలోనూ చాలామంది ఉన్నారు. రాయడానికి తమకు ఎవరూ లేరని వీళ్లు బాధపడుతుంటారు. మీకూ మనుషులు ఉన్నారు. ఆ మధ్యలో ట్యూషన్లు చెప్పి ఉంటే ఆ సెంటర్ నడిపే మనిషి ఉన్నారు. నాన్నగారి కొట్టులో జీఎస్టీ లెక్కలు చూసి ఉంటే వాటిని ఫైల్ చేసిన అకౌంటెంట్ ఉన్నారు, బంధువు కాకపోతే చాలు. కాలేజీలో గైడ్ మిమ్మల్ని మరిచిపోయి ఉంటారనుకుంటే మెసేజ్ పెట్టకండి. ప్రాజెక్టు రికార్డు ఇంకా ఇంట్లో ఉంటే అది పట్టుకుని, పరీక్షల రోజులు కాకుండా చూసుకుని, క్లాసులు అయ్యే వేళకు స్వయంగా వెళ్లండి. రికార్డులో ఆయన ఎర్ర ఇంకుతో దిద్దిన పేజీ తెరిచి ముందు పెట్టి, ఆ తర్వాత మీ మాట చెప్పండి.